సాక్ష్యం కోసం మండపేట దాకా

గోదావరి జిల్లాలకు వెళ్ళి వచ్చానంటే చాలు, అందరూ పడవల గురించీ కొబ్బరితోటల గురించీ అడుగుతారు. నేను పడవ ఎక్కలేదు. ఉన్న మూడు రోజుల్లో ఒక పూటంతా ఒక బియ్యం మిల్లులో ఊక దుమ్ముకు తుమ్ముతూ గడిపాను. ఒక పెద్దమనిషి చేత నాకు అనుకూలంగా సాక్ష్యం చెప్పించుకుందామని వెళ్ళాను. ఆ పని ఎలా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొబ్బరితోటలు కావలసిన వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

మాది కదిరి. అప్పటికి ఆరేళ్ళుగా కలకత్తాలో ఒక పరిశోధన సంస్థలో ఉన్నాను. నేను చేసే పని మా అమ్మకే ఇంతవరకు అర్థం కాలేదు కాబట్టి టూకీగా చెప్తాను. విదేశంలో ఒక పెద్ద యంత్రంలో కొన్ని కణాలు పుడతాయి. పుట్టిన మరుక్షణం మూడు తునకలుగా విరిగిపోతాయి. మనకు దొరికేవి ఆ మూడు తునకలే. విరగడానికి ముందు మధ్యలో ఇంకో కణం క్షణకాలం బతికి పోయిందా లేదా అన్నది ఆ తునకల శక్తిని బట్టి తేల్చాలి. అందరికీ అలవాటైన పద్ధతి ఒకటుంది. లోపల ఫలానా కణాలున్నాయి, వాటి ఆకారాలు ఇవీ అని ముందే కంప్యూటరుకు చెప్పి, ఏది ఎంత ఉందో సర్దమంటారు. సరిపడకపోతే ఇంకో కణాన్ని చేరుస్తారు. మా గైడ్ పన్నెండేళ్ళ క్రితం అలాగే ఒకదాన్ని చేర్చారు. లెక్క చక్కగా కుదిరింది, ఆయనకు పేరొచ్చింది.

నేను అవే పాత డేటా టేపులు తీసి, ఆకారాలేవీ చెప్పకుండా మళ్ళీ చేశాను. శక్తిని నలభై గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో బలమెంత, కోణమెంత అని డేటానే అడిగాను. నిజంగా కణం ఉంటే ఆ కోణం గళ్ళు దాటుతున్నకొద్దీ గడియారం ముల్లులా తిరగాలి. నా గ్రాఫులో ముల్లు కదల్లేదు. అంటే మా గైడ్ కనిపెట్టిన కణం లేదు. గ్రాఫు చూసి ఆయన కోప్పడలేదు. బాగుంది, ఇంకో ఏడాది పరిశీలిద్దాం అన్నారు. నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ రెండు నెలల్లో ఉంది. ఈ పేపరు తప్ప నా చేతిలో ఇంకేమీ లేదని ఆయనకు బాగా తెలుసు.

మా రంగంలో ఒక ఆచారం ఉంది. పేపరు మీద బృందంలోని అందరి పేర్లూ ఉంటాయి. ఫలితం నచ్చనివాడు తన పేరు తీసేయమని అడగవచ్చు. అడిగేవాడు దాదాపు ఉండడు. మా గైడ్ కణం గురించిన పాత పేపరునూ దానికి ముందుదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఒక పేరు మాయమైంది. సోమయాజులు. ఆ ఏడాదే సంస్థ వదిలి వెళ్ళిపోయారట. ఆయన కూడా ఆ కణం లేదనే తేల్చి ఉంటారు, ఆ కాగితాలు ఉంటే బృందం ముందు నా మాట నిలబడుతుంది అనుకున్నాను. పాత రిజిస్టరులో సామర్లకోట చిరునామా దొరికింది.

సామర్లకోట

పొద్దున్నే రైలు దిగి ఎనిమిది రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను. చట్నీ రెండోసారి అడగకుండానే వేశారు. మా కదిరిలో అడిగినా వెయ్యరు. అయితే చట్నీలో కారం లేదు. ఈ జిల్లాలో ఉన్న మూడు రోజులూ నా నాలుక మిరపకాయ కోసం అలమటించింది.

చిరునామా భీమేశ్వరాలయానికి దగ్గరలోనే. కార్తీక మాసం కావడంతో జనం కిటకిటలాడుతున్నారు. ఇంత దూరం వచ్చాను కదా అని ముందు గుడికే వెళ్ళాను. అక్కడ శివలింగం రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. కింద పాదం చూసి, మేడెక్కి తల చూడాలి. మా నరసింహస్వామి గుడిలో ఒక్క చోట నిలబడితే పని అయిపోతుంది. దిగి వచ్చేసరికి నా చెప్పులు లేవు. పూలమ్మే ఆవిడను అడిగాను.

"ఎవరో పొరపాటున తొడుక్కెళ్ళుంటారండి," అందావిడ దండ కడుతూనే. "ఇన్ని జతలున్నాయి కదండి. మీరూ ఒక పొరపాటు పడండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ గోదావరి వెటకారం గురించి విన్నాను గానీ ఇంత మర్యాదగా తగులుతుందని తెలియదు. నలభై రూపాయలు పెట్టి రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను. చిరునామాలోని ఇంట్లో తలుపు తీసినామె ఇంకో దెబ్బ వేసింది.

"సోమయాజులు గారాండి? ఆయన మండపేట వెళ్ళిపోయి ఏడేళ్ళవుతోందండి. ఏదో మిల్లులో చేస్తున్నారని విన్నాం. అంత చదువుకుని ఏంటో పాపం."

కాలవ గట్టు మీద బస్సు

మండపేట బస్సు కాలవ పక్కనే నడుస్తుంది. కోతలు మొదలయ్యాయి. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. బస్సు మిగతా సగంలోంచి ఒదిగి ఒదిగి పోతోంది. మా వైపు మనుషులకు దొరకని నీళ్ళలో ఇక్కడ గేదెలు మెడ దాకా మునిగి నెమరు వేస్తున్నాయి. చూస్తుంటే ఈర్ష్య కాదు, ఒళ్ళు మండింది. మా అమ్మ ఇప్పటికీ ట్యాంకరు వచ్చే రోజున ఏ పనీ పెట్టుకోదు.

పక్క సీట్లో ఒక కిరాణా వ్యాపారి కూర్చున్నాడు. ఒళ్ళో తాపేశ్వరం కాజాల పెట్టె.

"ఎక్కడ్నుంచండి రావడం?"

చెప్పాను.

"ఏం చేస్తుంటారండి?"

"ఫిజిక్సులో పరిశోధన."

"అంటే కరెంటాండి?"

"కాదండి. కణాలు."

"అవి కనిపెడితే ఏమొస్తుందండి?"

కలకత్తాలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మా దగ్గర రంగుల పుస్తకం ఉంది. అతనికి ఏమీ రాదని చెప్పాను. అతను జాలిపడి ఒక కాజా చేతిలో పెట్టాడు. ఆ తరువాత పెళ్ళయిందా, ఎందుకు కాలేదు, జీతమెంత, అది ఎందుకంత తక్కువ అని వరసగా అడిగాడు. ప్రతి ప్రశ్న చివరా 'అండి' ఉంది కాబట్టి కోప్పడే వీలు లేకపోయింది. కాజా మాత్రం బాగుంది. కొరికితే పాకం మోచేతి దాకా కారింది.

మండపేట

బస్టాండులో "మిల్లు మాస్టారు" అంటే రిక్షా అతను నేరుగా తీసుకెళ్ళాడు. గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రేకుల షెడ్డు కింద తెల్ల లుంగీ, చేతుల బనియను, ముక్కు మీదకు జారిన కళ్ళద్దాలతో యాభై అయిదేళ్ళ మనిషి నిలబడి ఉన్నారు. ట్రాక్టరు దిగిన రైతు నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఊరు చెప్పకండి. రకం కూడా చెప్పకండి. ముందు నన్ను చూడనివ్వండి."

నాలుగు బస్తాల్లోంచి, అదీ అడుగునుంచి, గుప్పెడు గుప్పెడు తీయించారు. అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, గింజల్ని వేలితో వేరు చేసుకుంటూ చూశారు. ఒక గింజ కొరికారు. చీటీ మీద ఏదో రాసి బోర్లించాక గానీ రైతును మాట్లాడనివ్వలేదు. తేమ చూసే మిషను ఆ తరువాత పెట్టారు.

"మాస్టారికి పెళ్ళికొడుకు ఇంటిపేరు చెప్పకూడదండి, మొహమే చూపించాలి," అన్నాడు బస్తాలు మోసే కూలీ ఒకతను నాతో.

నేను ఎక్కడినుంచి వచ్చానో చెప్పగానే సోమయాజులు గారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరువాత ఇంకో గుప్పెడు తీసుకున్నారు.

"ఎవరు పంపించారమ్మా?"

"ఎవరూ పంపలేదండి. పేపరు మీద మీ పేరు లేకపోవడం చూసి వచ్చాను."

"లేని పేరు చూసి వచ్చారా," అని మొదటిసారి నవ్వారు. "సాయంత్రం దాకా లోడ్లున్నాయి. రేపు ఇంటికి భోజనానికి రండి."

నేను ఆ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. తుమ్ములు ఆగలేదు. కణాల లెక్క తెలిసిన మనిషి, మా గైడ్ కంటే రెండేళ్ళు పెద్ద, ఊక దుమ్ములో గింజలు కొరుకుతుంటే చూడడం కష్టంగా ఉంది. మా గైడ్ ఆ రోజు ఏ దేశంలో ఉన్నారో కూడా నాకు గుర్తుంది.

కంద బచ్చలి

మర్నాడు ఆయన భార్య సుభద్రమ్మ గారు కంద బచ్చలి కూర, ఆవపెట్టిన అరటికాయ, మజ్జిగ పులుసు చేసి పెట్టారు. కూర నోట్లో పెట్టుకోగానే ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళొచ్చాయి. కారం లేదని ఈ జిల్లాను రెండు రోజులుగా తిట్టుకున్నాను. వీళ్ళ కారం వేరే దారిలో వస్తుంది.

"ఏడుస్తున్నావా అమ్మా? ఏడవాల్సింది నేను," అన్నారావిడ నెయ్యి వడ్డిస్తూ. "ఒక్క సంతకం. అందరూ పెట్టారు. ఈయన నా పేరు తీసేయండన్నారు. తీసేశారు. ఆ తరువాత కుర్చీ తీసేశారు, గది తీసేశారు. కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. ఎన్నాళ్ళని కూర్చుంటారు? వచ్చేశాం."

"ఎవరూ తీసెయ్యలేదే. నేనే మానేశాను," అన్నారాయన.

"అవునండి, మీరే మానేశారు. పిల్లకు అలాగే చెప్పండి."

నేను గ్రాఫు తీశాను. పులుసు మరకలు పడతాయని ఆయన చూడలేదు. రేపు మేం కార్తీక స్నానానికి కొవ్వూరు వెళ్తున్నాం, మీ రైలు ఎలాగూ రాజమండ్రిలోనే కదా, మాతో రండి, అక్కడ తీరిగ్గా చూస్తాను అన్నారు.

"మీరు అప్పట్లో చేసిన లెక్క ఏమైనా ఉందా అండి?" అని అడిగాను. ఇంత దూరం వచ్చింది దానికోసమే.

"ఉందమ్మా. నోట్సు అటక మీదుంది."

"ఒకసారి చూడొచ్చా?"

"వద్దు."

అంత ముక్తసరిగా, 'అమ్మా' కూడా లేకుండా ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే. పాత అవమానం కాబోలు, బయటపెట్టడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. లాడ్జికి నడిచి వెళ్తుంటే రబ్బరు చెప్పులు మడమల మీద బురద చిమ్మాయి.

కొవ్వూరు

గోష్పాదం రేవులో పొద్దున ఏడింటికే ఇసుక వేస్తే రాలనంత జనం. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదులుతున్నారు. ఎదురుగా రాజమండ్రి, మధ్యలో వంతెనలు. నేను మునగలేదు. నదిలో అన్ని నీళ్ళు ఒక్కచోట చూడడం నాకు అదే మొదలు కాదు గానీ, హుగ్లీ దగ్గర ఎప్పుడూ ఇంత కోపం రాలేదు. అక్కడ నా భాష మాట్లాడేవాళ్ళు ఆ నీళ్ళకు హక్కుదారులు కారు.

సోమయాజులు గారు స్నానం చేసి, తడి తల తుడుచుకుని, పైమెట్టు మీద కూర్చున్నారు. గ్రాఫు పరిచి, ఎగరకుండా రాగిచెంబు పెట్టారు. సుభద్రమ్మ గారు పక్కనే తడి చీర పిండుకుంటున్నారు. ఆయన అయిదు నిమిషాలపాటు నలభై చుక్కల్నీ ఒక్కొక్కటే వేలితో తాకుతూ పోయారు.

"బాగా చేశారమ్మా. గళ్ళు సమానంగా కొయ్యకుండా డేటాను బట్టి కోశారు. మంచిది. ముల్లు తిరగలేదంటున్నారు. దేనితో పోల్చి?"

"రో కణంతో అండి." అది అందరికీ తెలిసిన, ఎవరికీ పేచీ లేని కణం. దాని కోణంతో పోల్చే మిగతా కోణాలు కొలుస్తారు.

"రో ఆకారం మీరు వదిలేశారా, పెట్టారా?"

"పెట్టాను. దాన్ని కూడా వదిలేస్తే లెక్క నిలవదని..."

"ఏ అంకెలు పెట్టారు?"

"పాత పేపరులోవే."

"ఆ పేపరులో లెక్క సర్దినప్పుడు ఈ కొత్త కణం లోపలుందా?"

ఉంది. మా గైడ్ తన కణాన్ని లోపల పెట్టుకుని రో అంకెలు తీశారు. ఆ అంకెల్ని ఆరు నెలలపాటు నేను ఏ అనుమానమూ లేకుండా వాడాను. ఏమీ ఊహించకుండా చేశానని ఊరంతా చాటిన లెక్కకు కొలబద్దే ఆయన ఊహలోంచి వచ్చింది. అది తప్పుడు కొలబద్ద అయితే ముల్లు తిరిగినా తిరగనట్టు కనిపించవచ్చు. ఇంత చిన్న విషయం నాకు తట్టకపోవడానికి కారణం కూడా నాకు అక్కడే తెలిసింది. జవాబు నాకు నచ్చింది కాబట్టి వెతకడం ఆపేశాను.

"అయినా అండీ," అన్నాను, "ఈ సంగతి మా వాళ్ళెవరికీ తట్టలేదు. ఇలాగే పేపరు వస్తే పన్నెండేళ్ళ తరువాత మీరే కరెక్టని అందరూ ఒప్పుకుంటారు."

ఇది నేను అన్న మాటే. దాచుకోవడం లేదు.

ఆయన చెంబు తీసి గ్రాఫు మడిచి నా చేతికిచ్చారు.

"నేను కరెక్టని ఎప్పుడన్నానమ్మా? ఉందని రాయొద్దన్నాను. లేదని రాయమనలేదు. రో ని కూడా వదిలేసి మళ్ళీ చెయ్యండి. నిలవకపోతే నిలవదు."

"విన్నావా?" అన్నారు సుభద్రమ్మ గారు, నాతోనో గోదావరితోనో. "మంచి రోజొచ్చి గుమ్మంలోకి నడిచొస్తే, కాళ్ళు కడుక్కున్నావా అని అడుగుతారీయన."

రాజమండ్రి స్టేషను

వాళ్ళు నన్ను వంతెన దాటించి రైలెక్కించారు. ఆవిడ పులిహోర పొట్లం ఇచ్చారు. ఆయన కిటికీ దగ్గర నిలబడి మిల్లు ఫోను నంబరు చీటీ మీద రాసిచ్చి, ఏం వచ్చిందో చెప్పమన్నారు. సాక్ష్యం కోసం వెళ్ళినదాన్ని నా కేసే పోగొట్టుకుని వెనక్కి వస్తున్నాను. ఒరిస్సా దాటేదాకా నా మనసులో ఒకటే మాట. ఈ తప్పు సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కరే, ఆయన మండపేటలో ధాన్యం చూసుకుంటున్నారు. నేను నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. పైగా అబద్ధపు కణాన్ని పడగొట్టినదాన్ని అవుతాను. పులిహోర చాలా బాగుంది, సగం కూడా తినలేకపోయాను.

కలకత్తా

మూడు వారాలు మళ్ళీ చేశాను. రో ఆకారం కూడా చెప్పడం మానేశాను. లెక్క కూలిపోలేదు గానీ, ప్రతి చుక్క మీదా ఉండే ఎర్రర్ బార్, అంటే ఇంతమేర అటూ ఇటూ కావచ్చని చెప్పే గీత, గ్రాఫు పైనుంచి కింద దాకా సాగింది. ఆ గీతల మధ్యలోంచి తిరిగే ముల్లునూ గీయవచ్చు, తిరగని ముల్లునూ గీయవచ్చు. కణం ఉందో లేదో ఈ డేటాకు తెలియదు.

బృందం సమావేశంలో రెండు గ్రాఫులూ చూపించాను. మొదటిదానిలో నా పొరపాటు ఏమిటో నేనే చెప్పాను. మా గైడ్ ఎంతో ప్రేమగా నా నిజాయితీని మెచ్చుకున్నారు. అయితే పాత ఫలితానికి వచ్చిన ఇబ్బందేమీ లేదన్నమాట అన్నారు. అందరూ తల ఊపారు. 'తెలియదు' అన్న దానికి పేపరు రాయనక్కర్లేదని తేల్చారు. ఇంటర్వ్యూలో ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. ఆయన కణం ఇప్పటికీ కణాల పట్టికలో దర్జాగా ఉంది. నేను హిందూపురం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు కటకాలు, దర్పణాలు చెప్తున్నాను.

కలకత్తా వదిలే ముందు ఎస్టీడీ బూత్ నుంచి మిల్లుకు ఫోన్ చేశాను. సోమయాజులు గారు వచ్చేదాకా మిల్లు మరల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"చేశారా అమ్మా? రో ని వదిలేశారా?"

"వదిలేశానండి. ఏమీ తేలలేదు."

"మధ్య గళ్ళలో బార్లు ఎంత వచ్చాయి?"

"అరవై డిగ్రీలండి. అటు అరవై, ఇటు అరవై."

ఆయన ఎవరినో మర ఆపమని కేకేశారు.

"నాకూ అరవయ్యే వచ్చిందమ్మా. ఆ నోట్సులో ఉన్నది అదే."

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "ఆ రోజే చెప్పొచ్చు కదండీ! ఇంత దూరం వచ్చి అడిగాను. వద్దన్నారు. అప్పుడే చెప్పుంటే నేను వేరే పనేదైనా చూసుకునేదాన్ని."

"చెప్పుంటే మీరు అరవై కోసం వెతికేవారు," అన్నారాయన మెల్లగా. "అరవై దొరికేది. దానికేం విలువుంటుంది?"

ఆయనే మళ్ళీ అందుకున్నారు. గొంతు మారిపోయింది.

"పన్నెండేళ్ళు నాకొక్కడికే అరవై అమ్మా. నా లెక్కలోనే ఎక్కడో పొరపాటుందేమోనని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఇద్దరికొచ్చింది. ఉండండి, మా ఆవిడకు కూడా చెప్తాను, రేపు ఇదే టైముకు మళ్ళీ చెయ్యండి."

అంత సంతోషంగా మాట్లాడుతున్న మనిషికి నా ఉద్యోగం పోయిందని చెప్పలేకపోయాను. అలాగేనండి అన్నాను. మర్నాడు ఆ టైముకు నేను మా ఊరి రైల్లో ఉన్నాను.